పన్నెండో నంబర్లో సర్దిన పక్క

పన్నెండో నంబరు గదిలో మనిషి లేదు.

బ్యాగు ఉంది. పుస్తకాలున్నాయి. పరీక్షకి వేసుకోవాల్సిన తెల్ల చొక్కా కుర్చీ వీపుకి తగిలించి ఉంది. తువ్వాలు హీటర్ మీద ఎండి బిరుసెక్కింది. మంచం మీద పక్క ముడత లేకుండా సర్ది ఉంది.

ఇన్‌స్పెక్టర్ సిల్వానా దొరిగాత్తి గుమ్మంలో నిలబడి గదంతా ఒకసారి కలియజూసింది. ఆమెకీ పదిహేడేళ్ల కొడుకున్నాడు. ఎవరో తప్పిపోయారన్న మాట వింటే చాలు, ఆమె మనసుకి ముందు శవమే కనబడుతుంది. మిగతావన్నీ ఆ తర్వాతే.

“రాత్రి ఇక్కడ పడుకోలేదు మేడమ్. పక్క చూడండి,” అన్నాడు ఆమె అసిస్టెంట్ హానెస్ ప్లాట్‌నర్.

చూసింది. తల ఊపింది.

తప్పు అక్కడే జరిగింది.

తప్పిపోయిన పిల్ల పేరు నోయెమి బెర్తాన్. ఇరవై మూడేళ్లు. నర్సు. కొండలంటే ఎరగని రోవిగో నుంచి నిన్న మధ్యాహ్నం, ఇటలీలోనే జర్మన్ కూడా మాట్లాడే బోల్జానోలో రైలు దిగింది. ఇక్కడి ఆసుపత్రిలో పర్మనెంటు ఉద్యోగం కావాలంటే ఇటాలియన్‌తో పాటు జర్మన్ కూడా వచ్చని సర్టిఫికెట్ ఉండాలి. ఆ పరీక్ష ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి. ఫోను రాత్రి పదకొండు నుంచి స్విచాఫ్.

కంప్లయింట్ ఇచ్చింది తల్లి లొరెదానా. కూతురి ఫోను మోగకపోయేసరికి తెల్లవారుజాము రైలెక్కి వచ్చేసింది. ఇప్పుడు కింద టిఫిన్ గదిలో కోటు బొత్తాలు కూడా విప్పకుండా కూర్చుని ఉంది.

ఈ హోటల్ వెతికిపెట్టింది ఆవిడే. మూడు వారాలు దాని మీదే కూర్చుంది. రైల్వే స్టేషన్‌ని ఆనుకుని ఉన్నవి వద్దనుకుంది, దొంగల భయం. దూరంగా ఉన్నవీ వద్దనుకుంది. ప్రతి వీధికీ రెండు భాషల్లో రెండు పేర్లున్న ఊళ్లో పిల్ల దారి తప్పుతుందని భయం. ఒకే గదిలో ఆరుగురు పడుకునే హాస్టలంటే ముక్కూమొహం తెలియని వాళ్ల భయం. నది పక్కనైతే వరద భయం. చివరికి ఇది దొరికింది. పై అంతస్తులో ఒంటి మంచం గది, బాత్రూమ్ అదే వరండాలో, పొద్దున టిఫిను, ఉన్నన్నాళ్లూ బస్సులకీ రోప్‌వేకీ ఉచిత పాసు. నిప్పంటుకుంటే మెట్లెటువైపు అని యజమానురాలికి నాలుగుసార్లు ఫోన్ చేసి అడిగింది. తనూ వద్దామనుకుంది గానీ ఇద్దరికైతే ఖర్చెక్కువని మానుకుంది.

“చవకని చూశాను,” అంది సిల్వానాతో. “పిల్లని చూడలేదు.”

నైట్ పోర్టర్ రెమో జనెల్లా అరవై దగ్గర పడ్డ మనిషి. చేతులు ఒక చోట పెట్టలేకపోతున్నాడు.

“రాత్రి ఎక్కడున్నావు?”

“ఈ కుర్చీలోనే, మేడమ్.”

“ఆ అమ్మాయి ఎప్పుడు బయటికెళ్లింది?”

“సాయంత్రం ఏడింటికి. తాళంచెవి నాకిచ్చి వెళ్లింది.”

“తిరిగి ఎప్పుడొచ్చింది?”

“రాలేదు. పొద్దునకీ తాళంచెవి కొక్కేనికే ఉంది.”

“మధ్యలో కునుకు తీశావా?”

“లేదు మేడమ్. నా ఎదటనుంచి పిల్లి కూడా వెళ్లలేదు.”

రాత్రి ఆ పిల్లతో కలిసి తిన్నవాడు దొరకడం కష్టం కాలేదు. పేరు యాకోబ్ లుంగర్. ఊరికి పైన రెనోన్ కొండ మీద వాళ్ల పొలం. జర్మన్ మాట్లాడే కుటుంబం. నోయెమితో ఏడాదిగా స్నేహం. ఆ సంగతి తల్లికి మొదటిసారి తెలిసింది పోలీసుల నోట. ఆవిడ మొహం సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.

యాకోబ్ చెప్పింది తక్కువ. భోంచేశాం. చిన్న గొడవైంది. పదిన్నరకి తను కోపంగా లేచి నడిచి వెళ్లిపోయింది. హోటల్ వీధి మలుపు దాకా వెనకాలే వెళ్లాను. గొడవ దేని గురించని అడిగితే నేల చూశాడు. “అది మా ఇద్దరి మధ్య సంగతి,” అన్నాడు.

పోర్టర్ మాట నిజమైతే, మలుపు దగ్గర్నుంచి హోటల్ గుమ్మం దాకా ఉన్న ఆ కాస్త దూరంలో పిల్ల మాయమైంది. చివరగా చూసినవాడు ఇతనే. నదేమో అక్కడికి రెండు వీధుల అవతలే.

మధ్యాహ్నం యాకోబ్‌ని పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టారు. నదిలోకి గజ ఈతగాళ్లని దింపారు. రెండు గంటలకి పరీక్ష మొదలైంది. ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది.

నవంబరు నెల. ఆ లోయలో నాలుగు దాటితే వెలుగు గబగబా జారిపోతుంది. నీళ్లలో దొరికితే ఈ పాటికి దొరకాలి. దొరకలేదు కాబట్టి ఇంకా దూరం కొట్టుకుపోయి ఉంటుంది. సిల్వానా మనసు అలాగే లెక్కలు కడుతోంది. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమెకి మేలెంచే తీరిక ఎప్పుడూ దొరకదు.

అంతలో టిఫిన్ గదిలో కుర్చీ పడ్డ చప్పుడైంది.

లొరెదానా సొమ్మసిల్లింది. పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. హోటల్ యజమానురాలు బుర్గి ఉంటర్‌కోఫ్లర్, హానెస్ చెరోవైపు పట్టుకుని పై అంతస్తుకి తీసుకెళ్లారు. పదకొండో నంబరు ఖాళీగా ఉంది. మంచం మీద కూర్చోబెట్టారు. వణుకుతున్న ఆవిడకి ఏదైనా కప్పుదామని సిల్వానా చెయ్యి చాచింది.

కప్పడానికి ఏమీ పరిచి లేదు.

పరుపు మీద ఒట్టి తెల్ల దుప్పటి. కాళ్లవైపు రజాయి. నిలువునా మూడు మడతలు వేసి, ఇటుకలాగా అంచులు కలిపి పెట్టి ఉంది. సిల్వానా దాన్ని అందుకుని ఒక మడత విప్పింది. రెండోది విప్పింది.

చెయ్యి ఆగిపోయింది.

రజాయిని ఆవిడ మీద వేసి పక్క గదికి నడిచింది. పన్నెండో నంబరు తలుపు తీసింది. అక్కడ రజాయి మడత పెట్టి లేదు. మంచమంతా పరిచి, దిండు పైదాకా లాగి, మూడు వైపులా అంచులు పరుపు కిందకి దోపి ఉంది. డోలు మీద తోలులా బిగుతుగా.

“హానెస్! అందర్నీ ఇక్కడికి పిలు. రెమోని కూడా. యాకోబ్‌ని జీపులో తీసుకురమ్మను. పది నిమిషాల్లో రావాలి.”

వరండా ఇరుకు. ఒకరి భుజం ఒకరికి తగిలేలా నిలబడ్డారు. లొరెదానా గోడ పట్టుకుని లేచొచ్చింది. వద్దన్నా వినలేదు.

సిల్వానా యజమానురాలి వైపు తిరిగింది.

“ఈ ఇంట్లో పక్కలు ఎవరు వేస్తారు?”

“నేనే,” అంది బుర్గి. ఇటాలియన్ మాట్లాడితే ఆమెకి నోట్లో రాళ్లు నమిలినట్టుంటుంది. “మా అత్తగారు నేర్పిన మడత. వేరే వాళ్లని ముట్టుకోనివ్వను.”

“ఇది మీరు వేసిన పక్కేనా?”

బుర్గి గుమ్మంలోంచి తొంగి చూసింది. పెదవి విరిచింది.

“ఛ. ఇదేం పద్ధతి? కాళ్లు ఎక్కడ పెట్టుకుంటారు ఇందులో?”

“మరి పొద్దున్నే ఎందుకు చెప్పలేదమ్మా?”

“నన్నెవరడిగారు? నేను పైకొచ్చేసరికే మీరు గదంతా వెతికేశారు. మీరు ఇటాలియన్ వాళ్లు కదా, మీ ఇళ్లలో సర్దినట్టు సర్దేసి ఉంటారనుకున్నాను.”

సిల్వానా హానెస్‌ని చూసింది. హానెస్ పుట్టి పెరిగింది కూడా జర్మన్ ఇంట్లోనే. వాళ్ల ఇంట్లోనూ అదే మూడు మడతల రజాయి.

“నీకేమీ అనిపించలేదా?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “అమ్మాయి పేరు ఇటాలియన్ పేరు కదా మేడమ్. వాళ్లొస్తే హోటలు వాళ్లు ఇలా వేస్తారేమో అనుకున్నాను.”

“నిన్ను అని లాభం లేదు,” అంది సిల్వానా. “పెద్ద గుడ్డిదాన్ని నేను. మా అమ్మ పక్క ఇలాగే వేసేది. నేనూ ఇలాగే వేస్తాను. మా ఇంట్లో చూసినట్టే ఉంది కాబట్టి నా కన్ను దాని మీద ఆగనే లేదు.”

లొరెదానా వైపు తిరిగి గొంతు తగ్గించింది. “అమ్మా, మీ నోయెమికి పక్క సర్దడం ఎవరు నేర్పారు?”

“నేనే.” ఆవిడ ఆ మంచం వైపే చూసింది. “పరాయి ఇంట్లో పడుకుంటే, అసలు పడుకోనట్టు సర్ది రావాలని చెప్పేదాన్ని. లేకపోతే తల్లి ఏం పెంచిందే అంటారని…”

మాట సగంలో ఆగిపోయింది. ఆవిడకి అర్థమైంది.

“అవును. రాత్రి మీ పిల్ల ఈ గదికి వచ్చింది. ఈ మంచం మీద పడుకుంది. పొద్దున లేచి, మీరు చెప్పినట్టే సర్దింది. అప్పుడు వెళ్లింది బయటికి.”



“అయితే తాళంచెవి?” అన్నాడు హానెస్.

“అది రెమో చెప్పాలి.”

రెమో గోడకి జారగిలబడ్డాడు. ఇక దాచలేకపోయాడు. నడుం నొప్పి, ఆ కుర్చీలో రాత్రంతా కూర్చోలేడు. ఈ సీజన్లో వచ్చేవాళ్లే తక్కువ. వీధి తలుపు కోడ్ అతిథులందరికీ తెలుసు. అందుకని తొమ్మిది దాటగానే ఇంటికెళ్లి పడుకుంటాడు. పొద్దున ఏడింటికి, యజమానురాలు దిగకముందే వచ్చి కూర్చుంటాడు. ఇవాళ వచ్చేసరికి తాళంచెవి కొక్కేనికి ఉంది. రాత్రి తనే తీసుకుని, తెల్లారి తనే తగిలించి వెళ్లి ఉంటుందన్న ఆలోచన రాక, పిల్ల రాలేదని నిజంగానే అనుకున్నాడు.

“నిజం చెప్తే ఉద్యోగం పోతుందని…” అన్నాడు.

“నువ్వు చెప్పని నిజం వల్ల మధ్యాహ్నం నుంచి నీళ్లలో వెతుకుతున్నాం,” అంది సిల్వానా. ఆ మాట అరిచి చెప్పలేదు. అయినా రెమో తల ఎత్తలేదు.

బుర్గి అతన్ని ఒక్కసారి చూసి మొహం తిప్పుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. యాకోబ్‌ని తెచ్చారు. సిల్వానా అతన్ని నిలబెట్టే అడిగింది.

“చూడు అబ్బాయ్, నిన్నిక అనుమానించడం లేదు. కానీ నువ్వు దాచింది ఇప్పుడు చెప్పకపోతే పిల్ల బతకదు. గొడవ దేనికి?”

యాకోబ్ లొరెదానాని చూశాడు.

“మా అమ్మ రెండుసార్లు వంట చేసుకుని కూర్చుంది. నోయెమి రెండుసార్లూ రానంది. తన జర్మన్ విని అమ్మ నవ్వుతుందని సిగ్గు. పరీక్షయ్యాక వస్తానంది. నేను…” మళ్లీ నేల చూశాడు. “కాగితం కోసమైతే నేర్చుకుంటావు, మా అమ్మతో నాలుగు మాటలకైతే రాదా, అన్నాను.”

“అంతేనా?”

“అంతే.”

రోషం గల పిల్ల. పరీక్ష రెండింటికి. పొద్దున్నంతా ఖాళీ. చేతిలో ఉచిత పాసు. తెల్ల చొక్కా కుర్చీకి తగిలించి వెళ్లిందంటే తిరిగొచ్చి వేసుకుందామనే. ఈలోగా రోప్‌వేలో కొండెక్కి యాకోబ్ తల్లిని చూసి రావచ్చనుకుని ఉంటుంది.

“హానెస్, ఆ పాసు నంబరు తీసుకుని రోప్‌వే వాళ్లని అడుగు.”

హానెస్ అప్పటికే ఫోన్లో ఉన్నాడు. యాకోబ్ తన ఇంటికి ఫోన్ చేశాడు. తల్లి ఎత్తింది. లేదు, ఎవరూ రాలేదంది.

హానెస్ ఫోను దించాడు. “పొద్దున మొదటి కేబిన్లలోనే పైకెళ్లింది మేడమ్. కిందకి దిగినట్టు లేదు.”

యాకోబ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పైన దిగాక అడవిలోంచి అడ్డదారి ఉంది. వాగు పక్కనే వెళ్తుంది. ఎండాకాలం నేనే చెప్పాను తనకి, సగం దూరం కలిసొస్తుందని. ఇప్పుడు అక్కడ రాలిన ఆకుల మీద మంచు. తన కాళ్లకి టౌను బూట్లు.”

ఆ దారి తెలిసిన ఒక్క మనిషిని మధ్యాహ్నం నుంచి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టాం. సిల్వానా ఆ మాట పైకి అనలేదు. “పరిగెత్తు,” అంది.

కొండల్లో గాలించే రక్షక దళానికి కబురు వెళ్లింది. యాకోబ్‌ని జీపులో పంపారు. కిటికీ అవతల కొండ అంచున ఎండ పలచబడి, రాగి రంగుకి తిరిగి, ఆరిపోయింది. టిఫిన్ గదిలో లైటు వేశారు. లొరెదానా ఏడవలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఈ పాటికి మనసులో శవపెట్టె కూడా కొనేసి ఉంటుంది, అనుకుంది సిల్వానా. తనైనా ఆ పనే చేసేది. దూరంగా హెలికాప్టర్ మోత వినబడింది. దగ్గరైంది. కొండ వెనక్కి వెళ్లి ఆగిపోయింది.

చాలా సేపు ఏమీ లేదు.

తర్వాత హానెస్ ఫోను మోగింది. విన్నాడు. ఒక్క మాట అన్నాడు.

“ఉంది.”

“ఉందంటే?” అంది సిల్వానా.

“బతికే ఉంది. వాగు గట్టు కింద, రాళ్ల మధ్య. కాలు విరిగింది. ఫోను పగిలింది. బాగా చలి పట్టింది. స్పృహలో ఉంది మేడమ్, మాట్లాడుతోంది.”

సిల్వానా ఫోను లాక్కుని లొరెదానా చేతిలో పెట్టింది.

“అమ్మా,” అంది అవతల గొంతు, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. “తిట్టకు.”

“తిట్టను.” ఆవిడ గొంతు ఎక్కడో లోతులోంచి వచ్చింది. “నువ్వు మాట్లాడుతూ ఉండు. అంతే. మాట్లాడుతూ ఉండు.”

అవతల పిల్ల ఇంకేదో చెప్పబోయింది. అంతలో దళం మనుషులు ఏదో అడిగారు. ఎక్కడ నొప్పి, వేళ్లు కదులుతున్నాయా, ఎప్పటినుంచి ఇక్కడున్నావు. వాళ్లు కొండ మనుషులు, అడిగింది జర్మన్‌లో. పిల్ల జర్మన్‌లోనే జవాబు చెప్పింది. ఒక్కో ప్రశ్నకీ, తడుముకోకుండా. మధ్యలో యాకోబ్ గొంతు వినబడింది. ఆ వెనక ఇంకెవరో పెద్దావిడ గొంతు, యాకోబ్ తల్లిదే కాబోలు, గబగబా ఏదో అడుగుతోంది. నోయెమి ఆవిడకీ బదులిచ్చింది.

హానెస్ చెయ్యి చాచాడు. అవతలి వాళ్లతో ఆంబులెన్సు సంగతి మాట్లాడాలి. సిల్వానా కళ్లతోనే ఆగమంది.

లొరెదానాకి ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. ఫోను మాత్రం వెనక్కివ్వలేదు.