పెన్సిల్‌తో రాసిన ఫిర్యాదు

ఉదయం ఏడుంబావు. పార్కులో నడకకి వచ్చినవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్నారు. వాళ్ళందరి కళ్ళముందే, బెంచీ మీద కూర్చుని పేపరు చదువుతున్న ముసలాయన్ని ఒకడు చంపి వెళ్ళిపోయాడు. ఒక్కరికీ తెలియలేదు. గొడుగు చంకలో పెట్టుకున్న పెద్దమనిషి ఎవరో బెంచీ వెనకనుంచి నడిచి వెళ్ళాడు, అంతే. ముసలాయన చేతిలో పేపరు కూడా జారలేదు.

ఆస్పత్రిలో గుండెపోటని రాశారు. సీక్రెట్ సర్వీస్ డాక్టరు మాత్రం భూతద్దం పెట్టి చూసి, చెవి వెనక సూదిమొన అంత ఎర్రచుక్క ఉందన్నాడు.

తొమ్మిదింటికల్లా గుమాస్తాకి పిలుపు వచ్చింది.

గుమాస్తా అంటే నిజం గుమాస్తా కాదు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్న ఏజెంటు. నలిగిన చొక్కా, పలచబడిన జుట్టు, ఎదురుపడితే దారి తప్పుకునే వాలకం. గుంపులో చూసినవాడు నాలుగడుగులు వేసేలోపు మర్చిపోయే మొహం. ఆ మొహమే అతని పెట్టుబడి. అందుకే డిపార్టుమెంటులో అందరూ ఆ పేరుతోనే పిలిచేవారు.

చీఫ్ ఆఫీసు కళ్ళజోళ్ళ షాపు వెనకగదిలో ఉంది. గోడమీద అక్షరాల చార్టు, కింద చీఫ్. అరవై దాటిన మనిషి. మాటలు పొదుపు.

"చచ్చిపోయినాయన పోలీస్‌స్టేషన్‌లో రైటరుగా చేసి రిటైరయ్యాడు," అన్నాడు చీఫ్. "నిన్న మనకి ఉత్తరం రాశాడు. ఇవాళ పొద్దున నాకు అందేసరికి మనిషి లేడు."

"ఏం రాశాడు?"

"హోంమంత్రిగారి రికార్డు తెలుసుగా? మూడేళ్ళలో నేరాలు సగానికి సగం తగ్గాయి. ఊరంతా పోస్టర్లు. ఇంకో రెండు వారాల్లో ఎలక్షన్."

"తెలుసు."

"నేరాలు తగ్గలేదు. రాయడం తగ్గింది. స్టేషన్‌కి నెలకి ఇన్నే కేసులని పైనుంచి లెక్క ఇచ్చారు. లెక్క దాటితే బదిలీ, దాటకపోతే షీల్డు. ఆ లెక్కకి మించి వచ్చిన ఫిర్యాదుల్ని ఈ రైటరు పెన్సిల్‌తో వేరే రిజిస్టర్లో రాసేవాడు. చెరిపెయ్యమన్నారు. చెరపలేదు. ఆ రిజిస్టరు ఆయన ఇంట్లోంచి దొంగలపాలైంది."

దొంగిలించిన ముఠా పరాయి దేశానిది. దాని నాయకుణ్ణి డిపార్టుమెంటు ఫైళ్ళలో వ్యాపారి అంటారు. వ్యాపారి ఆ రిజిస్టరు మంత్రికి చూపించి బేరం పెట్టాడు. నోరు మూసుకోవడానికి అతను అడిగింది ఒక కాంట్రాక్టు. నగరంలోని కెమెరాలన్నీ, పోలీసు జీపులన్నీ ఒక్కచోటనుంచి కనిపించే కొత్త కంట్రోల్‌రూమ్ తన కంపెనీయే కట్టాలి. కట్టింది. సాయంత్రం నాలుగింటికి మంత్రి బటన్ నొక్కి ప్రారంభిస్తారు.

"నొక్కితే?"

"అందులో ఏదో ఒక పెట్టెకి దొంగదారి ఉంది. బటన్ నొక్కిన క్షణంలో పోలీసు రికార్డులన్నీ బయటి దేశానికి వెళ్ళిపోతాయి. మనం రహస్యంగా దాచిన సాక్షుల చిరునామాలు కూడా. నలభై ఒక్కమంది. ఆ ముఠాకి వ్యతిరేకంగా కోర్టులో నోరు విప్పబోయేవాళ్ళు."

"ప్రారంభం ఆపమని మంత్రిగారికి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. తన రికార్డు చూసి ఓర్వలేనివాళ్ళ పుకారన్నారు." చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దొంగకి తాళాలిచ్చినవాడు తలుపు గురించి మాట్లాడనివ్వడు. మన ఏజెంటు నెమలి వాళ్ళ ఆఫీసులోనే ఉంది. ఏ పెట్టో ఆమెకి తెలుసు. నువ్వు వెళ్ళి ఆ పెట్టె కాల్చెయ్. రిజిస్టరు నాకు తెచ్చివ్వు. చదవకు."

"ఎందుకు?"

"ఆర్డరు."

చీఫ్ బల్లమీద ఒక కరెంటు టెస్టరు పెట్టాడు. ఎడమకి తిప్పితే మామూలు టెస్టరు. కుడికి తిప్పి సాకెట్లో దూరిస్తే ఇరవై సెకన్లలో ఆ మెషీను బూడిద.

రెండింటికి గుమాస్తా లిఫ్టు మెకానిక్ వేషంలో వ్యాపారి కంపెనీ ఉన్న బిల్డింగు చేరాడు. నూనె మరకల ఖాకీ చొక్కా, చేతిలో టూల్‌బ్యాగు. పద్నాలుగో అంతస్తులో లిఫ్టు తెరుచుకుంది. నెమలి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, ఎత్తు మడమల చెప్పులు, నలుగురూ తిరిగి చూసే నడక. వ్యాపారికి ఆమె కుడిభుజం. రెండేళ్ళుగా అతని రహస్యాలన్నీ ఆమె చేతిమీదుగానే నడుస్తున్నాయి. అవి తిన్నగా కళ్ళజోళ్ళ షాపుకి చేరుతున్నాయని అతనికి తెలియదు.

"ఈ లిఫ్టు ఎప్పుడూ ఇంతేనా?" అంది నెమలి.

"ఎక్కేటప్పుడు బాగానే ఉంటుందమ్మా. దిగేటప్పుడే పేచీ."

సంకేతం సరిపోయింది. తలుపులు మూసుకున్నాయి.

"మూడో వరస, ఏడో పెట్టె," అంది ఆమె గొంతు తగ్గించి. హ్యాండ్‌బ్యాగులోంచి అట్టలు చిరిగిన రిజిస్టరు తీసి అతని టూల్‌బ్యాగులో పెట్టింది. "వ్యాపారి గొడుగు దగ్గర జాగ్రత్త. పొద్దున పార్కులో వాడింది అదే."

"తెలుసు."

ఆమె వెంటనే దిగలేదు. ఒకప్పుడు వీళ్ళిద్దరి పరిచయం పెళ్ళిమాటల దాకా వచ్చింది. ఉద్యోగం అడ్డొచ్చి ఆగిపోయింది. ఆ రోజుల్లో అతని ఇంటి సంగతులన్నీ ఆమెకి తెలుసు.

"ఒక పేజీ మడతపెట్టాను," అంది. "చదవమని చెప్పను. వద్దనీ చెప్పలేను. మీ అక్కయ్యగారి అమ్మాయిది."

కింది అంతస్తులో ఆమె దిగిపోయింది. గుమాస్తా లిఫ్టుని రెండు అంతస్తుల మధ్య ఆపాడు.

మూడేళ్ళ కిందట అక్క కూతురు చిట్టి కనపడకుండా పోయింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, నర్సింగ్ రెండో సంవత్సరం. బావ పోయాక అక్క ఆ పిల్లని కుట్టుమిషను మీద పెంచింది. అప్పుడు గుమాస్తా సముద్రాల అవతల ఏదో ఊళ్ళో ఇంకో పేరుతో ఉన్నాడు. కబురు అందేసరికి పదకొండు రోజులైంది. తిరిగి వచ్చి స్టేషన్‌కి వెళితే, కేసు లేదన్నారు. ఎవడితోనో వెళ్ళిపోయి ఉంటుంది, ఈ కాలం పిల్లలు అలాగే ఉన్నారన్నారు. ఎవరెవరి ఆనవాళ్ళో పట్టిన గూఢచారి, సొంత మేనకోడలి జాడ పట్టలేకపోయాడు.

ఆర్డరు గుర్తుంది. అయినా పేజీ తీశాడు. గుండ్రటి, ఓపికైన పెన్సిలు రాత.

"సాయంత్రం 5.40. తల్లి వచ్చింది. కూతురు చిట్టి నర్సింగ్ కాలేజీనుంచి రాలేదంది. నీలం స్వెట్టరు. నెల లెక్క నిండింది కనక కేసు కట్టలేదు. ఎవరితోనో వెళ్ళి ఉంటుందని చెప్పి పంపించాం.

6.25. ఎమర్జెన్సీ నంబరునుంచి కబురు. ఆడపిల్ల ఫోను. మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనకగదిలో ఉన్నానంది. బయట గడియ పెట్టారంది. అమ్మకి చెప్పమంది. జీపు పంపితే లెక్కలోకి ఎక్కుతుంది, వద్దని పైనుంచి మాట.

6.48. మళ్ళీ అదే పిల్ల. ఎవరూ తీయలేదు."

దానికింద, ఎప్పుడో తర్వాత రాసినట్టు, వణికిన అక్షరాల్లో ఒక్క ముక్క ఉంది. "నేను వెళ్ళి ఉండాల్సింది."

ఐసు ఫ్యాక్టరీ స్టేషన్‌కి పది నిమిషాల నడక.

గుమాస్తా లిఫ్టులో కింద కూర్చుండిపోయాడు. ఏడుపు రాలేదు. పైన ఎవరో లిఫ్టు తలుపు బాదుతున్నారు. మంత్రి బటన్ నొక్కనీ, ఆయన కట్టుకున్న మేడ ఆయన నెత్తినే కూలనీ అనుకున్నాడు ఒక నిమిషం. కానీ మేడ కింద నలిగేది మంత్రి కాదు. ఎక్కడో నలభై ఒక్క ఇళ్ళలో లోపలనుంచి గడియ పెట్టుకుని, పోలీసులున్నారన్న ధైర్యంతో కూర్చున్నవాళ్ళు. సహాయం వస్తుందని చిట్టి కూడా నమ్మింది. వీళ్ళకైనా వెళ్ళాలి.

అతను లేచి లిఫ్టు నడిపించాడు.

నాలుగు కావస్తోంది. కంట్రోల్‌రూమ్‌లో పూలదండలు, కెమెరాలు, కొత్త పెయింటు వాసన. గోడంత స్క్రీన్ ముందు మంత్రి మైకు పట్టుకున్నాడు. వెండి జుట్టు, తేనెలాంటి గొంతు.

"మూడేళ్ళ కిందట ఆడపిల్ల గడప దాటితే తల్లికి బెంగ," అంటున్నాడు. "ఈరోజు ఈ నగరంలో ప్రతి తల్లీ గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోతోంది. ఇది నా మాట కాదు. లెక్కలు చెబుతున్న మాట."

చప్పట్లు మోగాయి. గుమాస్తా డిపార్టుమెంటు తయారుచేసిచ్చిన ఎలక్ట్రీషియన్ పాసు చూపించి స్క్రీన్ వెనకకి దూరాడు. మెషీన్లు బీరువాల్లా వరసలు తీరి ఉన్నాయి. మూడో వరస. ఏడో పెట్టె. టెస్టరు కుడికి తిప్పి సాకెట్లో దూర్చాడు.

ఇరవై. పంతొమ్మిది.

"ఇక్కడ రిపేరు చేయించమని నేనెవరికీ చెప్పలేదే," అన్నాడెవరో వెనకనుంచి.

వ్యాపారి. చక్కటి సూటు, చేతిలో గొడుగు. దాని మొన గుమాస్తా మెడకి జానెడు దూరంలో ఉంది.

"ఫ్యూజు వేడెక్కుతోందని కంప్లయింటు వచ్చిందండీ," అన్నాడు గుమాస్తా. చెయ్యి టెస్టరు మీదనుంచి తీయలేదు. తీస్తే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

"ఎవరు రాసుకున్నారు ఆ కంప్లయింటు?"

"అదేనండీ ఈ ఊళ్ళో చిక్కు. ఎవరూ రాసుకోరు."

పదకొండు. పది. బయట జనం గట్టిగా లెక్కపెడుతున్నారు. మంత్రి వేలు బటన్ మీదికి దిగుతోంది. గొడుగు మొన ముందుకి కదిలింది. అదే క్షణంలో ఆకుపచ్చ సిల్కు మెరిసింది. నెమలి వెనకనుంచి వచ్చి వ్యాపారి మణికట్టు పట్టుకుని విరిచింది. గొడుగు కింద పడింది. ఆమె మోకాలు అతని వీపుమీద ఆనింది.

"రెండేళ్ళ జీతం బాకీ తీరిపోయింది సార్," అంది నెమలి.

మూడు. రెండు. పెట్టెలోంచి సన్నటి పొగ లేచింది. అవతల మంత్రి బటన్ నొక్కాడు.

గోడంత స్క్రీన్ నల్లబడింది. ఒక్క ముక్క బయటి దేశానికి వెళ్ళలేదు. మంత్రి మాత్రం మంత్రే. క్షణం తడబడి, వెంటనే చిరునవ్వు అతికించుకున్నాడు.

"చూశారా, ఒక్క నేరమైనా కనిపిస్తోందా?"

హాలు నవ్వింది. చప్పట్లు కొట్టింది.

పొగ చూసి పరిగెత్తుకొచ్చి వ్యాపారిని పట్టుకున్న పోలీసులే నెమలి చేతులకీ బేడీలు వేశారు. లోకానికి ఆమె ముఠా మనిషి. మన మనిషని చెప్పడానికి వీల్లేదు, చెబితే ఇంకా అక్కడ మిగిలిన మనవాళ్ళు బతకరు. అతని పక్కనుంచి తీసుకెళ్తున్నప్పుడు ఆమె ఎవరితోనో అన్నట్టు, "ఇంటికి వెళ్ళు," అంది.

గుమాస్తా ముందు కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు.

"చదివావా?" అన్నాడు చీఫ్.

"మీకు ముందే తెలుసా?"

"ఉత్తరంలో రాశాడు. చదివితే నువ్వు కంట్రోల్‌రూమ్‌కి వెళ్ళవేమోనని భయపడ్డాను." చీఫ్ చెయ్యి చాచాడు. "రిజిస్టరు ఇయ్యి. తగలబెట్టమని పైనుంచి ఆర్డరు. ఆ ఒక్క పేజీ చింపి తీసుకెళ్ళు. నాకు కళ్ళు సరిగా ఆనవు, పేజీలు లెక్కపెట్టలేను."

"మిగతా పేజీలవాళ్ళ సంగతి?"

"అందరికీ మేనమామలు ఇలాంటి ఉద్యోగాల్లో ఉండరుగా."

"అందుకే మొత్తం తీసుకెళ్తున్నాను."

గుమాస్తా జేబులోంచి గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టాడు. చీఫ్ కుర్చీ గోడవైపు తిప్పుకుని, చార్టులో అక్షరాలు పైనుంచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. తలుపు తెరుచుకుని మూసుకునేదాకా తిరిగి చూడలేదు.

అక్క కిటికీ దగ్గర మిషను కుడుతోంది. తమ్ముణ్ణి చూసి కాలు ఆపింది.

"ఏరా, మొహం అలా ఉంది?"

ఇరవై రెండేళ్ళు అబద్ధమే అతని వృత్తి. దారిపొడుగునా ఒకటి అల్లుకుంటూనే వచ్చాడు. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాక ఒక్క పోగు కూడా నిలవలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు. రెండో ఫోను దగ్గర ఆగిపోయాడు. అక్క రిజిస్టరు తీసుకుని తనే చదువుకుంది.

"అమ్మకి చెప్పమంది," అంది పేజీమీంచి తలెత్తకుండా.

"అవునక్కా."

"మూడేళ్ళనుంచి నేనేమనుకున్నానో తెలుసా? ఒక్కమాటైనా చెప్పకుండా పోయింది కదాని." ఆమె చెయ్యి ఆ గీతల మీద, చెరిగిపోతాయేమోనన్నంత తేలిగ్గా ఆనింది. "వాళ్ళ మాట నమ్మాన్రా. నా కడుపున పుట్టినదాన్ని అనుమానించాను. ఒకరోజు తిట్టాను కూడా, గోడవైపు తిరిగి."

అతను ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు. ఆమె అప్పుడు ఏడ్చింది. అతను కూడా.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ స్టేషన్‌కి వెళ్ళారు. బయట గోడమీద మంత్రి పోస్టరు. కుట్ర భగ్నం చేసిన ధీరుడని రాత్రికి రాత్రే కొత్త అక్షరాలు అతికించారు. లోపల కొత్త రైటరు, కుర్రవాడు. గుమాస్తా పాత రిజిస్టరు బల్లమీద తెరిచిపెట్టాడు. కుర్రవాడు పేజీ చదివాడు. లోపలిగది తలుపువైపు ఒకసారి చూశాడు. ఏమనుకున్నాడో, పెన్సిలు పక్కనపెట్టి పెన్ను తీశాడు.

పేరు రాశాడు. వయసు రాశాడు. నీలం స్వెట్టరు రాశాడు. తర్వాతి గడి దగ్గర ఆగి, ఇబ్బందిగా తలెత్తాడు.

"ఇది తప్పనిసరి గడి అమ్మా. ఫిర్యాదు మూడేళ్ళు ఆలస్యమైంది. కారణం రాయాలి."

అక్క చెంగుతో మొహం తుడుచుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆరోజు సాయంత్రం అయిదూ నలభైకే నేను వచ్చానని రాయి నాయనా," అంది. "ఆలస్యం మీది."