నాలుగో అంతస్తు వెచ్చదనం

నవంబరు నెలాఖరు వచ్చిందంటే మా ఊళ్ళో ఎవరికీ నడుం వాల్చే తీరిక ఉండదు. స్కీలు అద్దెకిచ్చేవాళ్ళు వాకిట్లో బల్లలు వేసుకుని వాటి అంచులు సానబెడుతుంటారు, అడుగున మైనం కరిగించి రుద్దుతుంటారు. కొండ మీద రోప్‌వే కుర్చీల్ని ఖాళీగా తిప్పి చూస్తారు. గదులు అద్దెకిచ్చే ఆడవాళ్ళు పరుపులు దులుపుతారు. అందరి కళ్ళూ ఆకాశం మీదే. మంచు సరిగ్గా పడిందా, దగ్గర్లోని కరాకోల్ నుంచీ, రాజధాని బిష్కెక్ నుంచీ, సరిహద్దు అవతల అంత దూరాన ఉన్న అల్మాటీ నుంచీ కూడా కార్లు బారులు తీరతాయి.

మా పొలాలన్నీ ఇప్పుడు ప్లాట్లే. ఎటు చూసినా ఎర్ర రిబ్బన్లు కట్టిన కర్రలు. కొండ వాలు మొదట్లో, ఒకప్పుడు బంగాళాదుంపలు పండిన చోట, నాలుగంతస్తుల కొత్త భవనం లేచింది. అందులో ఫ్లాట్లు అమ్మేవాడు ఎర్నిస్. మా వీధివాడే. నోరు తెరిస్తే గొర్రెకైనా బాల్కనీ అంటగట్టగలడు. తాళాలు చూసుకుంటూ శుభ్రం చేసే పని నాకు ఇప్పించింది అతనే. కింద, ఇళ్ళన్నిటికీ వేడినీళ్ళు పంపే బాయిలర్ గది మా ఆయన కల్మత్ చూసుకునేవాడు.

ఈ ఏడు బాయిలర్ వెలిగించిన మొదటి రోజే నీళ్ళు తిప్పే మోటారు కాలిపోయింది. కొత్తది బిష్కెక్ నుంచి రావాలి. తెచ్చే లారీ మంచులో ఎక్కడో ఇరుక్కుంది. భవనం మొత్తం మంచుగడ్డ. నేల తుడుద్దామని బకెట్టులో నీళ్ళు పోస్తే కాసేపటికే పైన పొర కట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం కింద వాకిట్లో కార్పెట్లు దులుపుతూ తల పైకెత్తాను. నాలుగో అంతస్తు చివరి ఫ్లాట్ కిటికీకి ఆవిరి పట్టి ఉంది. లోపలి వైపు.

ఎవడో తాళం పగలగొట్టి దూరాడనుకున్నాను. కల్మత్‌ని పిలిచాను. అతను పైపులు విప్పుతున్నవాడల్లా స్పానర్ పట్టుకునే వచ్చాడు. వేళ్ళు నీలంగా కమిలిపోయి ఉన్నాయి.

తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను.

లోపలి నుంచి వెచ్చగా గాలి వచ్చి మొహానికి తగిలింది. పొయ్యి వేడి కాదు. చాలామంది తలుపులు మూసుకుని పడుకుని లేచిన గదిలో ఉంటుందే, ఆ వేడి. వాసన కూడా అదే. తడిసిన ఉన్ని, గొర్రె తోలు, నిద్ర మొహాల ఊపిరి. గదిలో ఎవరూ లేరు. సామాను లేదు. వేడినీళ్ళు పారాల్సిన రేడియేటర్ ముట్టుకుంటే చెయ్యి అంటుకుపోయేంత చల్లన.

కల్మత్ గోడ మీద అరచెయ్యి పెట్టాడు. "బురుల్, ఇది చూడవే! గుర్రం డొక్క మీద చెయ్యి వేసినట్టుంది."

"బయటికి రా. నాకేం బాగాలేదు."

"నీకెప్పుడు బాగుంది గనక? ఒక్క నిమిషం ఉండు. పొద్దుటి నుంచీ కాళ్ళు నావి కావు." నవ్వుతూ బూట్లు విప్పేసి, గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను. లోపలికి అడుగు పడలేదు. కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. అద్దం మీద ఆవిరి పెరిగేది... తగ్గేది. మళ్ళీ పెరిగేది. అద్దానికి దగ్గరగా మొహం పెట్టి ఎవరో ఊపిరి వదులుతున్నట్టు.

గబగబా వెళ్ళి చొక్కా పట్టుకుని లాగాను. బరువుగా లేచి బూట్లలో కాళ్ళు దూర్చాడు. మెట్లు దిగుతుంటే అతని చెయ్యి నా చేతిలో ఉంది. అంత వెచ్చటి గదిలోంచి వచ్చినవాడి చెయ్యి, చెలమలో నానిన రాయిలా ఉంది.

ఇంటికి నడిచి వస్తుంటే దారంతా మంచు కురిసింది. మా అత్తగారు షరీపా పొయ్యి పక్కనే ఉంది. ఆవిడకి ఎండాకాలంలోనూ చలే. రెండు శాలువాలు లేకుండా కనబడదు. కొడుకుని చూసి, "ఇదేం రంగురా? రా, కూచో," అని పొయ్యి దగ్గరికి లాక్కుంది. గొర్రె కొవ్వు కరిగించి పాదాలకి రుద్దింది. నేను గిన్నెలో సలసల కాగే టీ పోసి ఇచ్చాను. అతను పెదవుల దాకా తీసుకెళ్ళి పక్కన పెట్టేశాడు. "చల్లారిపోయింది," అన్నాడు. నేను ముట్టుకుని చూశాను. నిజమే.

కానీ నన్ను భయపెట్టింది అది కాదు. పొయ్యి ముందు అంతసేపు కూర్చున్నాడా... అతని కనురెప్పల మీద పడ్డ మంచు కరగలేదు.

"అక్కడ బాగుంది," అన్నాడు నిప్పుల వైపు చూస్తూ. "ఇక్కడ చలి."

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. జ్వరం చూసే గొట్టం రెండుసార్లు విదిలించి, మూడోసారి నోట్లో పెట్టి, అది పాడైపోయిందంది. విటమిన్లు రాసింది. వచ్చేదారిలో అతని కాళ్ళు తమంతట తామే కొత్త భవనం వైపు తిరిగాయి. నేను జబ్బ పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను. ఎంతకాలమని పట్టుకోగలను? ఆ సాయంత్రం పిడకలు తెద్దామని కొట్టంలోకి వెళ్ళి వచ్చేసరికి మంచం ఖాళీ.

"ఇప్పుడే బయటికి పోయాడు," అంది అత్తగారు. "పిలిస్తే పలకలేదే."

బయట మంచు తుఫాను. అడుగు దూరంలో మనిషి కనబడడు. ఊరంతా కరెంటు పోయింది. తడుముకుంటూ భవనం చేరేసరికి వాకిట్లో కారు లైట్లు వెలుగుతున్నాయి. ఒకతను మోకాళ్ళ మీద కూర్చుని మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు తగిలిస్తున్నాడు. గుమ్మంలో ఎర్నిస్, ఖరీదైన కోటు వేసుకున్న ఒకావిడా నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు.

"రా అక్కా, నీ గురించే చెబుతున్నా," అన్నాడు ఎర్నిస్. "రౌషన్ గారు, అల్మాటీ నుంచి వచ్చారు. పైన ఆ చివరి ఫ్లాట్ నచ్చింది. నచ్చదా మరి, బాయిలర్ లేకుండానే అంత వెచ్చగా ఉంటే! గోడలు అలాంటివి అని చెప్పా."

"ఆ ఫ్లాట్ తాళం నీకెవరిచ్చారు?"

"తాళమెందుకు? తీసే ఉంది."

"లోపల మా ఆయన లేడా?"

"చీకట్లో ఎవరు చూశారు? దుప్పట్ల మూటలా ఏదో ఉంది మూల. దారి మూసేశారట, ఈ రాత్రికి వీళ్ళు అక్కడే పడుకుంటారు. ఇప్పుడు స్కీలు పెట్టుకునే గది చూపిద్దామని దిగాం."

రౌషన్ నా చెయ్యి తాకింది. "మెల్లగా మాట్లాడండి అక్కా. మా పాప పైన నిద్రపోయింది. మూడు నెలలుగా దానికి సరిగ్గా నిద్ర లేదు. ఇక్కడ అడుగు పెట్టగానే గోడకి ఆనుకుని పడుకుంది. అందుకే ఈ ఇల్లు కొనేద్దామనిపిస్తోంది."

నేను ఇంకేం వినలేదు. మెట్లెక్కాను.

ఒక్కో అంతస్తూ ఎక్కుతుంటే చలి పెరిగింది. ఆ చివరి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తగ్గింది. తలుపు కొంచెం తెరిచి ఉంది. ఫోను లైటు వేశాను.

గోడ పక్కన పాప. నాలుగైదేళ్ళుంటాయి. దాని పక్కనే కల్మత్, గోడకి వీపు ఆనించి. ఇద్దరి ఊపిరీ ఒకేసారి లోపలికి పోతోంది... ఒకేసారి బయటికి వస్తోంది. వాళ్ళిద్దరిదే కాదు. నేను నా ఊపిరి బిగబట్టి విన్నాను. గది నిండా ఊపిరి. నేల మీద కాలు పెట్టడానికి చోటు లేనంత మంది పడుకుని ఉంటే ఎలా వినబడుతుందో, అలా.

లైటు తిప్పాను. ఎవరూ లేరు.

వంగి పాపను ఎత్తుకున్నాను. ఇనుప చువ్వలా చల్లగా ఉంది. నా మెడకి తగిలిన బుగ్గ సూదిలా గుచ్చింది. కళ్ళు సగం తెరిచింది.

"ష్..." అంది. "లేస్తారు."

"ఎవరమ్మా?"

"జరగమన్నారు... జరిగా. ఇంకా కొంచెం జరగమన్నారు."

పాపను ఒక భుజాన వేసుకుని, రెండో చేత్తో కల్మత్ చొక్కా పట్టుకుని గుంజాను. కదల్లేదు. మా ఆయన బక్కపలచటి మనిషి. తాగి పడిపోయిన రోజుల్లో నేనే వీపున వేసుకుని తెచ్చిన మనిషి. ఇప్పుడు అతన్ని ఇంకెవరో అటువైపు నుంచి పట్టుకున్నట్టుంది.

"లే... నీకు దణ్ణం పెడతా. ఇంటికి పోదాం లే."

కళ్ళు తెరవకుండానే గొణిగాడు. "తలుపు వెయ్యవే... చలి వస్తోంది. వీళ్ళకి చలి."

"అత్తయ్య అన్నం తినకుండా కూర్చుంది నీ కోసం!"

"అమ్మకి చెప్పు... వెచ్చగా ఉన్నానని."

పాప శరీరం నా భుజం మీద వదులైపోతోంది. ఊపిరి అందుతోందో లేదో తెలియడం లేదు. నాకు ఉన్నవి రెండు చేతులు. అతని చొక్కా వదిలాను. ఎవరేం చెప్పినా, ఆ క్షణం వేళ్ళు విప్పింది నేనే.

కింద పాపను తాకగానే రౌషన్ కేక పెట్టింది. వాళ్ళాయన కోటు విప్పి చుట్టి, కారులోకి లాక్కుని, వేడి గాలి పూర్తిగా తిప్పాడు. పాపను గుండెకి హత్తుకుని వీపు రుద్దుతూ ఉండగా, చాలాసేపటికి, ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే నేను ఎర్నిస్‌ని చెయ్యి పట్టుకుని మెట్లపైకి ఈడ్చుకుపోయాను.

ఫ్లాట్ మంచుగడ్డలా ఉంది. మిగతా ఫ్లాట్లలాగే. కిటికీ అద్దం పొడిగా, శుభ్రంగా ఉంది. కల్మత్ లేడు. గోడ పక్కన అతని బూట్లు మాత్రం ఉన్నాయి, చక్కగా జతగా పెట్టి.

"ఇలా దిగిపోయి ఉంటాడు అక్కా, చీకట్లో మనం చూసుకోలేదు," అన్నాడు ఎర్నిస్.

దిగడానికి ఉన్నది ఒక్కటే దారి. ఆ మెట్ల మొదట్లోనే మేమంతా నిలబడి ఉన్నాం. తుఫాను తగ్గాక ఊరి మగవాళ్ళు పారలు పట్టుకుని కొండంతా తవ్వారు. మంచులో దారి తప్పి ఉంటాడని పోలీసులు తేల్చేశారు. బూట్లు లేని కాళ్ళతోనా అంటే, చలి ముదిరితే మనిషికి మతి ఉండదు అన్నారు.

ఆ స్థలంలో అంతకు ముందు ఏముండేదని చాలామంది అడిగారు. శ్మశానమా? ఎవరైనా చచ్చారా? ఏమీ లేదు. బంగాళాదుంపలు. మా మామగారు అక్కడే దున్నేవాడు, నేను పెళ్ళయిన ఏడే అక్కడ తట్ట మోశాను. చెడు ఏదీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. ముల్లాగారిని పిలిచి ఎవరి పేరు చెప్పి ప్రార్థించమనాలో తెలిసేది.

డిసెంబరులో సీజన్ మొదలైంది. మోటారు వచ్చింది గానీ ఇప్పటిదాకా ఎవరూ బిగించలేదు. అవసరం పడలేదు. ఒక్కో అంతస్తే వెచ్చబడుతూ వచ్చింది, పై నుంచి కిందికి. బాయిలర్ కోసం తెచ్చిన బొగ్గు కుప్ప కుప్పలాగే ఉంది. ఎర్నిస్ దాని గురించి మాట్లాడడు, నా కళ్ళలోకి చూడడు, ఫ్లాట్లు మాత్రం అమ్ముతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట. ఇంత హాయిగా ఎన్నడూ నిద్రపోలేదని. "గోడకి ఆనుకుని పడుకోకండి," అని చెబితే నవ్వుతారు. వెళ్ళేటప్పుడు తాళాలు నా చేతిలో పెడతారు. వాళ్ళ వేళ్ళు తగలకుండా అందుకోవడం నేర్చుకున్నాను.

ఎందుకు మానెయ్యలేదంటారా? నేను మానేస్తే ఇంకొకావిడ వస్తుంది. పైగా అతను అక్కడే ఉన్నాడు. రోజూ ఆ గోడ దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తాను. అటు నుంచి ఊపిరి తప్ప ఏమీ రాదు.

పోయిన వారం రౌషన్ ఫోన్ చేసింది. పాప బాగానే ఉందంది. గొంతు తగ్గించి, "అక్కా, ఆ ఫ్లాట్ మేమే కొనేశాం. పొద్దస్తమానం అక్కడికే తీసుకెళ్ళమని ఏడుస్తోంది. ఏం చెయ్యం? శుక్రవారం వస్తున్నాం," అంది. రావద్దని అరిచాను. బతిమాలాను. నేను చెప్పిందంతా విని, "పాప నిద్రపోతే చాలు అక్కా," అని పెట్టేసింది.

ఇవాళ గురువారం. పొద్దున్నే లేచి, ఎప్పటిలాగే పొయ్యి రాజేద్దామని పిడకలు తెచ్చాను. మా అత్తగారు పొయ్యికి దూరంగా, మా ఇంటి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. రెండు శాలువాలూ పక్కన మడత పెట్టి ఉన్నాయి. కళ్ళు మూసుకుని చిన్నగా నవ్వుతోంది.

"ఇవాళ పొయ్యి వెయ్యకే, కోడలా," అంది. "ఉక్కగా ఉంది."