గుండెదివ్వెలు

భీమిలి కొండల మీద ఆ రోజుల్లో ఇళ్ళు ఒకదానికొకటి కేక వినపడనంత దూరంలో ఉండేవి. ఒక్కో ఇంట్లో ఒక్కరే. కూరగాయలు గుమ్మంలో పెట్టి వెళ్ళేది కూడా యంత్రమే. దారిలో ఎవరైనా ఎదురుపడితే ఇద్దరిలో ఒకరు పొదల్లోకి తప్పుకునేవారు. అది మర్యాద కాదు, ప్రాణభయం.

గుండెల్ని పిండేసిన జ్వరమొకటి దేశం మీదుగా పోయాక, బతికి బయటపడ్డవాళ్ళ ఛాతీల్లో గుండెదివ్వెలు అమర్చారు. గోరంత డబ్బీ, అందులో ఉత్తేజిత కేంద్రకాలు. మామూలు పరమాణు కేంద్రకం నేలమీద కూర్చున్నట్టుంటే, ఇవి మేడమీద నిలబడ్డట్టుంటాయి. తీరిగ్గా మెట్లు దిగుతూ, మెట్టుకో ఫోటాన్‌ని, అంటే కాంతికణాన్ని, విడుస్తాయి. ఆ శక్తితో గుండె జీవితాంతం కొట్టుకుంటుంది. కానీ ఒక దివ్వె విడిచిన ఫోటాన్ అదే జాతి కేంద్రకానికి తగిలితే, అదీ తొందరపడి దిగిపోతుంది. ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటే రెండు దివ్వెలూ నెలల్లో కొడిగడతాయి. మొదట్లో ఆ సంగతి తెలియక ఎన్నో జంటలు పోయాయి.

డాక్టర్ శాంభవి ఆ కొండలకు ఈ చివర, ఫోటాన్ పుంజం ప్రయోగశాలను ఆనుకున్న ఇంట్లో ఉండేది. ఆమె భర్త గౌరునాయుడు ఆ చివర, రేవు పక్కన, పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. ఇద్దరివీ దివ్వెల గుండెలే. దాదాపు పదేళ్ళుగా వాళ్ళ కాపురమంతా ఫోనులోనే.

"తిన్నావేటి?" అనేవాడు పొద్దువాలగానే.

"ఇంకా లేదు. మీరు?"

"నెత్తళ్ళ చేపల పులుసు పెట్టీసేను. నువ్వుంటే ఉప్పెక్కువైందని గొడవ పెట్టీదానివి."

ఆమె నవ్వేది. ఫోను పెట్టేశాక ఆ ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

రకరకాల లోహపు రేకుల మీదకు ఫోటాన్ పుంజాన్ని పంపడం, కేంద్రకాలు ఉత్తేజంతో లేచి ఏయే మెట్ల మీదుగా దిగుతున్నాయో చూడడం ఆమె పని. వేరే మెట్ల మీదుగా దిగే జాతి ఒక్కటి దొరికితే చాలు, దాని వెలుగు సాటిదాన్ని కదిలించదు. అలాంటి దివ్వెలు పక్కపక్కన బతకగలవు.

ఒక ముసురు పట్టిన ఉదయం ప్రయోగశాల యంత్రం అంది: "ఈ రేకులో కేంద్రకాలు పాత మెట్ల మీదుగా రావడం లేదు."

"పరికరం పొరపాటేమో. మళ్ళీ చూడు."

"చూశాను. పక్కదారిన దిగుతున్నాయి."

"పక్కన ఆ జాతివే ఇంకొన్ని పెట్టావా?"

"పెట్టాను. అవి కదల్లేదు."

శాంభవి స్టూలు మీద కూలబడింది. పట్టుకుని ఏడవడానికి ఎవరూ లేక, ఆ యంత్రం బల్లనే రెండు చేతులా పట్టుకుంది.

కొత్త దివ్వెలు తయారయ్యాక, మొదటి జంటగా తామే ఉంటామంది. సంగతి విని గౌరునాయుడు అడిగాడు, "తేడా వస్తే?"

"ఇద్దరం పోతాం."

"అయితే సరే. వచ్చీస్తాను."

ఇద్దరి ఛాతీల్లోనూ పాత దివ్వెలు తీసి కొత్తవి అమర్చాక, సంచి భుజాన వేసుకుని ఆమె ఇంటికి వచ్చిన మనిషికి జుట్టంతా నెరిసింది. ఫోనులో గొంతు నెరవదు కాబట్టి ఆమెకు ఆ సంగతి తెలియలేదు. ఎదురెదురుగా కూర్చున్నారు.

"వానొచ్చీలా ఉంది."

"అవును."

అన్నం దగ్గర కూర వడ్డించబోయి అతను చెయ్యి చాపాడు. శాంభవి ఒళ్ళు దానంతటదే పక్కకు తప్పుకుంది. అతను చూశాడు, గరిటె గిన్నెలో పెట్టేశాడు. వారం గడిచినా రెండు దివ్వెలూ చెక్కుచెదరలేదు. ఇంట్లో మాత్రం మాట పుట్టలేదు. అతను టీ చప్పరించే చప్పుడుకు ఆమె ఉలిక్కిపడేది. ఆమె గదిలోకి వస్తే అతను లేచి నిలబడేవాడు, పరాయి మనిషెవరో వచ్చినట్టు.

చివరికి ఒక మధ్యాహ్నం అతను తల వంచుకుని అడిగాడు. "నాను వరండాలోకెళ్ళి మాటాడనా?"

ఆమె తలూపింది. అతను బయటికెళ్ళి గోడకు అటువైపు కూర్చున్నాడు. కాసేపటికి గొంతు వినిపించింది.

"మొన్న రేవులో ఏటైందో తెల్సా..."

ఆ గొంతు ఆమెకు తెలుసు. గోడకు చెంప ఆనించి వింది, అడిగింది, పదేళ్ళ కిందటిలా విరగబడి నవ్వింది. ఆ నవ్వుకు అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఉండు, మిగతాది లోపలికొచ్చి చెప్తాను," అంటూ లేచాడు.

ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.

"అక్కణ్ణించే చెప్పండి," అంది.