రావత్ అరచేయి

"ఇదే నీ ఆఖరి పని, ఖేతో," అన్నాడు ప్రధాని మెహతా.

"కిందటిసారీ ఇదే అన్నారు హుకుం. అంతకుముందూ ఇదే."

మెహతా విననట్టు కాగితాలు సర్దుకున్నాడు. ఆ విద్యలో ఆయన ఆరితేరినవాడు.

ధోరాగఢ్ గూఢచారి ఖేతో పుట్టుకతో రాయికా, ఒంటెల కాపరి. వయసు యాభై ఎనిమిది. మోకాళ్ళకి ఇంకో పదేళ్ళు ఎక్కువ. ఒక్క బావి కోసం ధోరాగఢ్ రాజు రావ్, కాలాసర్ రాజు రావత్ పదకొండేళ్ళుగా కొట్టుకు చస్తున్నారు. ఆ బావి ఎండిపోయి నాలుగేళ్ళయింది. అయినా యుద్ధం ఆగలేదు.

"రేపు పొద్దున కాలాసర్ రావత్ లూణ్‌సీ సంధికి పిలిచాడు. మన రావ్‌గారు ఆయన అరచేతిలో కసుంబా తాగాలి."

నల్లమందు నానేసి వడగట్టిన నీళ్ళే కసుంబా. శత్రువు అరచేతిలోంచి అది తాగితే పగ తీరినట్టు. వద్దంటే అవమానం, మళ్ళీ కత్తులు.

"విషం పెడతారని వినికిడి. మన రావ్‌గారు ముసలాయన. కుప్పకూలితే నల్లమందు ఎక్కువైందంటారు, అంతే. వట్టి పుకారుకి వెనక్కి తిరిగితే పిరికివాడంటారు. ఎందులో పెడుతున్నారో కనుక్కో. లాఛా కబురిస్తుంది."

"ఆవిడ ఎవరి మనిషి?"

"మన మనిషే. వాళ్ళ మనిషి కూడా."

"శుభం."

మెహతా గొంతు తగ్గించాడు. "అక్కడ లూణ్‌సీ ఎదురుపడతాడు. నీ చెయ్యి నీ అదుపులో ఉండాలి."

ఖేతో తలపాగా కొసన ఉన్న ముడి తడుముకున్నాడు. తన కొడుకు జోగోని లూణ్‌సీ స్వయంగా బల్లెంతో పొడిచిన రోజున, ఈ పగ వదలనని నలుగురిలో ఒట్టేసి కట్టిన ముడి అది. ఏడేళ్ళయింది.

మర్నాడు పొద్దున్నే ఖేతో ఒంటెల వైద్యుడి వేషంలో కాలాసర్ గుడారాల్లో ఉన్నాడు. గడ్డానికి గోరింట, ఒక కంటికి గుడ్డ. గుడ్డ కింద చెమటకి దురద. ఈ వయసులో ఏం ఖర్మరా ఇది అనుకున్నాడు.

లాఛా తన ఒంటెను నడిపించుకుంటూ వచ్చింది. కాలాసర్ ఆస్థాన గాయని. ఆమె పక్కనుంచి వెళ్తే కాపలావాళ్ళు మీసాలు సర్దుకున్నారు.

"కాకా, ఇది మేత ముట్టట్లేదు. ముక్కుపుల్ల గుచ్చుకుంటోందేమో చూడవా?"

పగ్గం కట్టే ఆ ముక్కుపుల్లని ఖేతో తీశాడు. లోపల బోలు. చుట్టిన చీటీలో రెండు ముక్కలు: "విషం గిన్నెలో కాదు, అరచేతిలో. చర్మానికంటకుండా కింద మైనం."

"ఇది మాకెందుకు చెప్తున్నావమ్మా?"

"మీవాళ్ళు పోయినా వీళ్ళు పోయినా ఏడుపుపాట పాడాల్సింది నేనేగా. విసుగొచ్చేసింది కాకా."

అంతలో నగారా మోగింది. రావ్‌కి కబురందించే వ్యవధి లేదు. తివాచీ మీద రెండు పక్షాల సామంత ఠాకూర్లూ కూర్చున్నారు. లూణ్‌సీ చెయ్యి చాచాడు. అందులో కసుంబా పోశారు. అరచేయి నున్నగా మెరుస్తోంది. రావ్ ముందుకు వంగాడు.

విషమని అరిస్తే ఒంటెల వైద్యుడి మాట ఎవడు నమ్ముతాడు? తనే తాగి పడిపోతే నమ్ముతారు. ఖేతో కంటిగుడ్డ పీకి పారేశాడు.

"ఆగండి! ఆ చెయ్యి ముందు నాది."

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు లూణ్‌సీ.

"జోగో తండ్రిని. నువ్వు చంపినవాడి తండ్రిని. పగ ఉన్నవాడికే మొదటి గుక్క. మీ ఇంట్లో ఆచారం మారిందా?"

కాలాసర్ పెద్ద ఠాకూర్ తలూపాడు. "న్యాయమే. రాజులు ఆ తర్వాతే. కానీ ముందు ముడి విప్పాలయ్యా."

ఖేతో చెయ్యి ఆగిపోయింది. ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడే వచ్చాడు. ముడి సంగతి ఆలోచించలేదు. ఏడేళ్ళ చెమటకి బిగుసుకుపోయిన ముడి వేళ్ళకి లొంగలేదు. పళ్ళతో లాగాడు. ఊడింది.

"జోగో, వదిలేస్తున్నాన్రా నాన్నా," అన్నాడు అందరూ వినేలా.

మోకాళ్ళ మీద కూర్చుని తల వంచాడు. పెదవులు అంగుళం దూరంలో ఉండగా లూణ్‌సీ చెయ్యి తిరగేశాడు. కసుంబా ఇసకలో పడింది.

"ఒంటెలు కాచేవాడికి నా చెయ్యా?"

పెద్ద ఠాకూర్ చూపు ఆ చేతి మీదే ఉంది. చెయ్యి తడవలేదు. నీళ్ళు బొట్లుబొట్లుగా జారిపోతున్నాయి. ఆయన మణికట్టు పట్టుకుని కత్తిపిడితో గీకాడు. మైనం ఊడొచ్చింది.

"ఏంటిది రావత్?"

లూణ్‌సీ చెయ్యి వెనక దాచుకున్నాడు. పెద్ద ఠాకూర్ లేచి జోళ్ళు తొడుక్కున్నాడు. వెనకే కాలాసర్ ఠాకూర్లంతా ఒక్కొక్కరే లేచి ఒంటెలెక్కారు. తివాచీ మీద వాళ్ళ రావత్ ఒక్కడే మిగిలాడు. ఒక్కడితో యుద్ధం సాగదు.

మెహతా పరుగున వచ్చాడు. "భేష్ ఖేతో! పగ వదిలానన్నావే, ఏం నటన!"

"నటనేంటి హుకుం? నలుగురిలో అన్నాక వదిలేసినట్టే." ఖేతో తలపాగా కొస నిమిరాడు. ముడి పోయినా ముడత పోలేదు.

"బహుమానంగా ఏం కావాలి నీకు?"

"పొద్దుట్నించీ నోట్లో చుక్క నల్లమందు పడలేదు. ఎవరి చెయ్యైనా పర్లేదు, కాస్త కడుక్కుని రమ్మనండి."