డాక్టరుని చూస్తేనే లేచే బండి

ఆ పికప్ బండి మెకానిక్ షెడ్డుకి సొంత కాళ్ళ మీద రాలేదు. ముందు ట్రాక్టరు, దాని వెనక తాడు, తాడు చివర తుప్పు పట్టిన ఈ బండి. అందులో స్టీరింగు పట్టుకుని, విమానం నడుపుతున్నంత గంభీరంగా ఒక పశువుల డాక్టరు.

షెడ్డు అమ్మాయి చేతిలో ఉన్న పానా పక్కన పెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. ఎవరి కొట్టం వెనకో ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ వదిలేసిన సరుకని చూడగానే తెలుస్తోంది. ఎడమ తలుపు తాడుతో కట్టి ఉంది. వెనక తొట్టిలో గడ్డి మొలిచింది. ఆమె డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి తడిమి, రెండు గుడ్లు బయటికి తీసి అతని చేతిలో పెట్టింది.

"కోడి కూడా బండితో పాటే వచ్చిందా, డాక్టరుగారూ?"

"లేదండీ, అది దారిలో దిగిపోయింది," అన్నాడతను, గుడ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూస్తూ. "మంచు పడేలోపు ఇది కొండ ఎక్కాలి. అవుతుందంటారా?"

అతన్ని కొండమీది పశువుల ఆసుపత్రికి వేశారట. చలికాలమంతా అక్కడే ఉండాలి. మంచు మొదలైతే బస్సు ఆగిపోతుంది, పైనున్న పల్లెలు తిరగాలంటే సొంత బండి కావాల్సిందే. ఇంత వివరంగా చెప్పి, ఎవరో చవగ్గా ఇస్తామంటే ఇంజన్ మూత కూడా ఎత్తి చూడకుండా కొనేశానని చివర్లో చిన్నగా చెప్పాడు. ఆవుని కొనేటప్పుడైనా నోరు తెరిచి పళ్ళు చూస్తారు కదా అని ఆమె అడిగింది. అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న ఆమె నాన్న మీసాల్లోనే నవ్వుకున్నాడు. జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నప్పటి నుంచి ఆయన పని ఆ కుర్చీలో కూర్చుని చూడటమే. షెడ్డంతా కూతురి చేతి మీదే నడుస్తోంది. ఆ షెడ్డుకి ఆయన పెట్టిన రివాజు ఒకటుంది. చలికాలానికి సిద్ధం చేసిన ఏ బండినైనా, చేసినవాళ్ళే పక్కన కూర్చుని మొదటిసారి కొండ కొన దాకా తీసుకెళ్ళి తీసుకురావాలి. మనం ఎక్కడానికి భయపడే బండిని ఇంకొకరికి ఎలా ఇస్తామని ఆయన వాదన. అందుకే చుట్టుపక్కల లారీలన్నీ చలికాలం ముందు ఇక్కడే బారులు తీరతాయి.

డాక్టరు రోజూ కింద ఊళ్ళోని ఆసుపత్రిలో పని అయ్యాక వచ్చేవాడు. కొండమీద మెకానిక్ ఉండడు కాబట్టి తనకీ నాలుగు పనులు తెలియాలన్నాడు. సరేనని ఆమె మొదటి రోజే బాటరీ నుంచి కిందికి, బండి చట్రం దాకా వెళ్ళే నల్లటి ఎర్త్ వైరు చూపించింది. ఇది ఆ చివర కాస్త వదులైతే చాలు, లైట్లు వెలుగుతాయి గానీ ఇంజన్ మాత్రం లేవదని చెప్పి, అక్కడి నట్టు అతని చేతే బిగింపించింది. అతను ఎంత శ్రద్ధగా బిగించాడంటే, మిగతా వాటి సంగతి ఎలా ఉన్నా ఆ నట్టు గురించి ఇక చూసుకోనక్కర్లేదని ఆమె అనుకుంది. అదే ఆమె చేసిన తప్పు.

పని మాత్రం జోరుగా సాగింది. హీటరు గొట్టంలో ఎలుకలు కాపురం పెట్టాయి. గూడు తీస్తుంటే అందులోంచి ఎవరివో సాక్సు ముక్కలు కూడా వచ్చాయి. రేడియేటర్లో చలికి గడ్డకట్టని కూలెంట్ పోశారు. తుప్పు గీకారు, మంచులో పట్టు దొరికే లోతైన గాళ్ళున్న టైర్లు ఎక్కించారు. వెనక తొట్టిలో ఇరుసు మీదికి వచ్చేలా ఇసుక బస్తాలు సర్దుతుంటే, తను మందులు మోయాలి గానీ ఇసుక ఎందుకని అతను అడిగాడు. వెనక బరువు లేకపోతే బండి మంచు మీద నిలబడదని ఆమె చెప్పింది. జారే నేల మీద దూడ కూడా అంతేనని అతను వెంటనే ఒప్పుకున్నాడు. ఏది చెప్పినా అతనికి ఏదో ఒక పశువు గుర్తొచ్చేది. మొదట్లో ఆమెకి విసుగ్గా ఉండేది. తర్వాత తర్వాత, ఇవాళ ఏ గేదె వస్తుందోనని ఎదురుచూడటం మొదలుపెట్టింది.

అతని వేళ్ళకి ఎప్పుడూ ఊదారంగు ఉండేది. పశువుల గాయాలకి పూసే మందట, సబ్బుకి లొంగదు. ఆమె టీ గ్లాసుల మీద, తుడుపు గుడ్డల మీద, తలుపు పిడి మీద అన్నిటా ఆ ముద్రలే.

"మీరు దొంగతనానికి పనికిరారు డాక్టరుగారూ," అందొకసారి గ్లాసు తోముతూ. "ఎక్కడ చెయ్యి పెట్టినా సంతకం పెట్టినట్టే."

అతను నవ్వేశాడు. ఆ మాట గుర్తుపెట్టుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

బండి బాగుపడుతున్న కొద్దీ ఆమెకి లోపల వెలితిగా ఉండసాగింది. ఇది లేచిందంటే అతను వెళ్ళిపోతాడు. కొండ ఎక్కినవాడు మళ్ళీ కిందికి రావాలంటే ఒక కారణం ఉండాలి. ఆ కారణం అతని నోటి నుంచి రావాలి. అతని నోటి నుంచి గేదెలు వస్తున్నాయి, గొర్రెలు వస్తున్నాయి, అదొక్కటే రావడం లేదు. అలాగని తనే బయటపడటానికి ఆమెకి మనసొప్పలేదు. గ్రీజు చేతులవాళ్ళకీ కాస్త బెట్టు ఉంటుంది.

అంతా పూర్తయి, సాయంత్రం తాళం తిప్పగానే ఇంజన్ హాయిగా లేచింది. మర్నాడు పొద్దున ఆమె తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. బాటరీ చూసింది, బాగానే ఉంది. అతనికి ఫోన్ చేసింది. అతను పరుగున వచ్చి, బండి ముందు వంగి లోపల అదీ ఇదీ తడిమి, ఆవు గంగడోలు నిమిరినట్టు నిమిరి, ఇప్పుడు తిప్పి చూడండి అన్నాడు. బండి లేచింది.

మర్నాడూ అదే తంతు. ఆ మర్నాడూ అంతే. ఆమె బాటరీ మార్చింది, స్టార్టర్ విప్పి మళ్ళీ బిగించింది. సాయంత్రం లేచే బండి పొద్దున మొండికేస్తోంది, డాక్టరు రాగానే బుద్ధిగా లేస్తోంది. డాక్టరుని చూస్తేనే లేచే బండి అని బజారంతా పేరు పడింది. నవ్వేవాళ్ళు నవ్వారు. తండ్రి చెయ్యి వేరు, కూతురి చెయ్యి వేరు అని గొణిగేవాళ్ళు గొణిగారు. ఆమెకి అన్నం సయించడం మానేసింది.

చివరికి ఒక పొద్దున, అతనికి ఫోన్ చెయ్యకుండా, తను చూసుకోనక్కర్లేదనుకున్న నట్టు దగ్గరికే వెళ్ళింది. టార్చి వేసి చూసింది. నట్టు వదులుగా ఉంది. దాని అంచు మీద, ఎంతో అందంగా, ఊదారంగు వేలిముద్ర.

ముందు ఒళ్ళు మండింది. ఆ మంట అలాగే ఉండగా నవ్వు కూడా వచ్చింది. ఆపైన ఆ ముద్రని ఇంకోసారి చూసింది. మనసులో ఏమీ లేకపోతే ఒక మనిషి రోజూ సాయంత్రం నట్టు వదులు చేసి, రోజూ పొద్దున పరుగెత్తుకుంటూ ఎందుకొస్తాడు? పట్టుకుని నాలుగు దులపాలనుకుంది గానీ, అంత తేలిగ్గా వదిలేస్తే తను పడ్డ తిప్పలకి లెక్క సరిపోదు. నట్టుని ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేసి అతనికి ఫోన్ చేసింది.

ఆ సాయంత్రం వైద్యం మొదలైంది.

"దీని జబ్బు తెలిసింది. వయసైపోయిన బండి కదా, రాత్రి ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటోంది. వెళ్ళేముందు కాసేపు మాట్లాడి వెళ్ళండి."

"బండితోనా? ఏం మాట్లాడాలి?"

"ఆవులతో ఏం మాట్లాడతారో అదే."

పాపం, జబ్బేమిటో తెలిసినవాడు కాబట్టి మందు పనిచెయ్యదని చెప్పలేకపోయాడు. బండి ముందు నిలబడి, ఏమ్మా నీరసంగా ఉందా, మేత తిన్నావా అని అడిగాడు. ఆమె పాత టైర్ల వెనక్కి వెళ్ళి నోట్లో గుడ్డ కుక్కుకుంది. మర్నాటికీ బెంగ తీరలేదు కనక, యజమాని ఒంటి వేడి తగలాలని చెప్పి అతని స్వెట్టరు విప్పించి ఇంజన్ మీద కప్పించింది. అతను చలికి వణుకుతూ ఇంటికెళ్ళాడు. వెళ్ళేముందు నట్టు వదులు చెయ్యడం మాత్రం మర్చిపోలేదు. ఆ పట్టుదల చూసి ఆమెకి ముచ్చటేసింది.

ఇదంతా ఇలాగే సరదాగా సాగేదేమో. కానీ అయిదారు రోజులు గడిచాక ఒక పొద్దున లారీ బాబాయి వచ్చాడు. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, ఈ షెడ్డు గడప తప్ప వేరే గడప తొక్కని మనిషి. ఆయన లారీ దిగకుండానే, కిటికీలోంచి తల బయటపెట్టి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు.

"ఏమనుకోకమ్మా. మీ నాన్న చెయ్యి బాగయ్యాక మళ్ళీ వస్తాలే. ఈ ఏటికి నా లారీ వెనక బజారు షెడ్డులో చేయించుకుంటా. ఒక్క పికప్‌నే పొద్దున లేపలేకపోతున్నావంటున్నారు. ఘాట్ రోడ్డు మీద ప్రాణాలతో పని కదా."

షెడ్డులో ఉన్న మిగతా డ్రైవర్లు తలలు దించుకున్నారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. నిజం నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే తన పేరు నిలబడుతుంది, ఇంతమందిలో అతని పేరు పోతుంది. ఆమె దాన్ని మింగేసి, సరే బాబాయ్, మీ ఇష్టం అంది.

అప్పుడే పికప్ దగ్గర వంగి ఉన్న డాక్టరు తల ఎత్తాడు. అతని మొహంలో రక్తం లేదు. తన అల్లరి ఎవరి అన్నంలో మట్టి కొడుతోందో అతనికి అంతవరకు తట్టనే లేదు.

"బాబాయిగారూ, ఒక్క నిమిషం," అన్నాడు లారీకి అడ్డంగా వచ్చి. "ఆ బండిలో ఏ లోపమూ లేదు. ఆవిడ పనిలో అసలే లేదు. రోజూ సాయంత్రం ఎర్త్ వైరు వదులు చేసింది నేను. పొద్దున వచ్చి బిగించిందీ నేనే. అందరూ వినండి, తప్పంతా నాది." ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నన్ను క్షమించండి," అన్నాడు.

నాన్న కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకు బాబూ?"

"బండి బాగైపోతే కొండమీదికి వెళ్ళిపోవాలి కదండీ."

"వెళ్ళడానికేగా బాగు చేయించుకుంటున్నావు?"

అతను ఆమెను చూశాడు, నేలను చూశాడు, చివరికి పైకప్పును చూశాడు.

"అక్కడ చలి ఎక్కువండీ."

ముందు లారీ బాబాయి నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని షెడ్డు రేకులు దద్దరిల్లాయి. బాబాయి లారీ దిగి వచ్చి, తాళాలు ఆమె చేతిలో పెట్టి, ముసలాణ్ణి, విన్న మాట నమ్మేశానమ్మా అన్నాడు. నాన్న ఆకాశం వైపు చూసి, రేపు మంచు పడేలా ఉంది, మన రివాజు ప్రకారం మీరిద్దరూ పొద్దునే బయల్దేరండని చెప్పి మళ్ళీ కూర్చున్నాడు. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. అంతమందిలో తప్పు ఒప్పుకున్న మగవాడు, అసలు మాట దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలాడు.

మర్నాడు నిజంగానే మంచు పడింది. దూది ఏకినట్టు, తొందరేమీ లేకుండా పడింది. అతను నడుపుతున్నాడు, ఆమె పక్కన కూర్చుని ఇంజన్ చప్పుడు వింటోంది. ఎలుకలు ఖాళీ చేసిన గొట్టంలోంచి వెచ్చటి గాలి వస్తోంది. ఎక్కడా జారలేదు, ఎక్కడా దగ్గలేదు. కోళ్ళు గుడ్లు పెట్టిన బండి పెద్దమనిషిలా కొండ ఎక్కింది.

కొన మీద ఆపారు. ఆయిల్ ఎక్కడైనా కారుతోందేమో చూస్తానని ఆమె దిగింది. చూసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. వెనక్కి వెళ్దామని అతను తాళం తిప్పాడు.

టక్.

మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అదే.

"ఈసారి నేను కాదు," అన్నాడు కంగారుగా. "ఒట్టు. నేనసలు ముట్టుకోలేదు."

"తెలుసు," అంది ఆమె. గుప్పిట తెరిచింది. అరచేతిలో నట్టు ఉంది. "మీ వేలిముద్ర దొరికి వారమైంది."

అతను నట్టునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. బండితో ఆడిన మాటలు, కప్పిన స్వెట్టరు అన్నీ వరసగా గుర్తొచ్చినట్టున్నాయి, రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

"నాన్న అడిగిన దానికి జవాబు చెబితే ఇది మీది. మళ్ళీ చలి అన్నారంటే నడిచి దిగుదురు గాని."

బయట మంచు పడుతోంది. అతను చేతులు దించాడు.

"మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. బండి బాగైతే నేను పైన ఉండిపోతాను, మంచు కరిగేదాకా మిమ్మల్ని చూడలేను. అది తట్టుకోలేక చేశాను."

ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట. విన్నాక కళ్ళల్లో నీళ్ళెందుకొచ్చాయో ఆమెకే తెలియలేదు. అందుకే కసురుకుంది.

"మంచులో పైకి ఎక్కే బండి కిందికి దిగదా?"

"ఏంటి?"

"ఆ టైర్లు ఎందుకు వేశాననుకున్నారు? ఆ ఇసుక, ఆ హీటరు, ఆ కూలెంట్? ఎంత మంచు పడినా ఇది కిందికి రావాలనే కదా నేనింత చాకిరీ చేసింది. ప్రతి ఆదివారం షెడ్డుకి తెచ్చి చూపించాలి. రాకపోతే నేనే ఎక్కి వస్తాను."

బండి పైకి మాత్రమే పోతుందని అన్నాళ్ళూ ఎలా అనుకున్నాడో అతనికే అర్థం కాలేదు. ఆమె నట్టు అతని చేతిలో పెట్టి, జేబులోంచి పానా తీసి ఇచ్చింది.

"మీరే బిగించండి. ఈసారి పూర్తిగా."

అతను మంచులో వంగి చాలాసేపు బిగించాడు. తాళం తిప్పగానే ఇంజన్ గట్టిగా లేచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ అలాగే కూర్చున్నారు, బయల్దేరాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆమె ఫోన్ మోగింది. నాన్న.

"బండి ఎలా ఉందమ్మా? తిరిగి బయల్దేరారా?"

"ఇంకా లేదు నాన్నా. లేవడం లేదు. టైం పట్టేలా ఉంది."

జీవితమంతా ఇంజన్ల చప్పుడు విన్న మనిషికి ఫోన్లో ఆ హోరు వినపడకుండా ఎలా ఉంటుంది?

"అలాగా," అన్నాడు నాన్న. "మరేం ఫర్వాలేదు. నిదానంగా, ఇద్దరూ కలిసే రండి."