పొగబండి పెట్టె

ఆదివారం పళ్ల డాక్టరు క్లినిక్‌కి సెలవు. సాయంత్రం వెనక గదిలో ముగ్గురం చేరాం: చిన్ననాటి స్నేహితుడు డాక్టరు, నా బావమరిది, నేను. బయట ముసురు. గది నిండా లవంగ నూనె వాసన. గ్లాసుల్లో విస్కీ, బల్ల మీద ఖరీదైన సిగార్ల పెట్టె.

పెట్టె మాది కాదు, పొగబండిది. మా జట్టులో నాలుగోవాడికి మేం పెట్టిన పేరది, ఎప్పుడూ పొగ వదులుతుంటాడని. సిగార్ చివర కోయడానికి కట్టరెందుకని పళ్లతో కొరికి ఉమ్మేవాడు. సగం విరిగిన ముందు పన్ను బాగుచేస్తానని డాక్టరు ఎంత బతిమాలినా విన్లేదు. "నేను లేకుండా ఈ పెట్టె ముట్టుకున్నారో, మీ ఊపిరి తీస్తా" అని నవ్వేవాడు. నిరుడు ఊపిరితిత్తులు పాడై వాడే పోయాడు. "మీరే కాల్చేయండి అన్నయ్యగారూ" అని వాడి భార్య పెట్టెను డాక్టరు చేతిలో పెట్టింది.

వాళ్లిద్దరూ హాయిగా గుప్పుగుప్పుమని పొగ వదులుతున్నారు. నాదే అంటుకోదు. కట్టరుతో చివర నున్నగా కోశాను. అగ్గిపుల్లలన్నీ తగలేశాను. బుగ్గలు నొప్పెట్టేలా పీల్చాను. పొగ రాదు. వారమంతా చాకిరీ చేసి ఈ కాస్త సుఖం కోసం కాచుకున్నాను. దరిద్రుడి పెళ్లికి వడగళ్ల వానంటే ఇదే.

"పీల్చడం కూడా రాదా బావా?" అన్నాడు బావమరిది.

ఒళ్లు మండి దాన్ని యాష్‌ట్రేలో పడేశాను.

అప్పుడు అంటుకుంది. దానంతట అదే. ఎర్రగా రగిలింది... మసకబారింది... మళ్లీ రగిలింది. ఎవరో తీరిగ్గా దమ్ము లాగుతున్నట్టు. రగిలినప్పుడల్లా నా ఛాతీ బిగుసుకుంటోంది. గాలి... అందడం లేదు.

"ఆర్పరా..." అన్నాను డాక్టరుతో.

డాక్టరు దాన్ని నీళ్ల గ్లాసులో ముంచాడు. నాకు ఊపిరి వచ్చింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. "చచ్చినా వాటా వదలవట్రా" అని పెట్టెను తిట్టాను.

డాక్టరు నవ్వలేదు. తడిసిన సిగార్‌ను దీపం కింద తిప్పి చూస్తున్నాడు.

"నువ్వు కట్టరుతో కోశావు కదూ?"

"కోశాను."

"ఇది కోసిన చివర కాదు, కొరికిన చివర. ఈ పంటి గాటు నాకు తెలుసు."

నాకు దగ్గొచ్చింది. నాలుక మీదేదో తగిలితే అరచేతిలో ఉమ్మాను. పొగాకు తునక. చివర కొరికిన ముక్క.

బావమరిది కుర్చీ వెనక్కి జరిపాడు. డాక్టరు టార్చి తీసి మెల్లగా, "నోరు తెరువు" అన్నాడు.

తెరిచాను. చాలాసేపు చూశాడు. ఏం కనిపించిందో ఇప్పటికీ చెప్పడు. నాకు కనిపించింది ఒక్కటే... ఆ సాయంత్రం ఒక్క దమ్మూ అందని నా నోట్లోంచి, టార్చి వెలుతుర్లో, సన్నగా పొగ వస్తోంది.