మోగని కాలింగ్ బెల్

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒక ఒత్తు పెట్టాల్సినచోట ఇంకొకటి పడుతుంది. చెయ్యి కూడా నత్తనడక. ఈ కాస్త కథకే పదిహేను రోజులు పట్టింది. సగం కళ్ళారా చూసిందే. మిగతా సగం ఈ కథలోని ఇద్దరూ చెప్పిందే.

ఆ అబ్బాయి గేటు దగ్గర నిలబడి కాలింగ్ బెల్ నొక్కాడు. మోగలేదు. మళ్ళీ నొక్కాడు. ఊహూఁ. వెనకాల లారీ, లారీ నిండా అట్టపెట్టెలు, నెత్తిమీద ఎండ. ఒక పెద్ద కంపెనీ తన లాభంలో కొంత తీసి పిల్లల బళ్ళకు సాయం చేస్తుంది. ఆ పని చూసే ఆఫీసులో అతని ఉద్యోగం. ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ఇలా నిలబెడతారా అని ఉక్రోషం పుట్టి, బొటనవేలు బెల్లు మీద ఆనించి అలాగే ఉంచేశాడు.

తలుపు దభాలున తెరుచుకుంది. చేతినిండా సుద్దపొడితో టీచరమ్మ.

"ఏమండీ, మీ వేలు బెల్లుకు అతుక్కుపోయిందా?"

"మీ బెల్లే పాడైందండీ. ఎంత నొక్కినా మోగట్లేదు."

"మోగదు. ఇది చెవులు వినపడని పిల్లల బడి. మీరు నొక్కితే లోపల గదిగదికీ ఒక బల్బు వెలుగుతుంది. మా వాళ్ళెవరో స్విచ్చుతో ఆడుతున్నారనుకుని ఇందాకట్నుంచీ గాలిస్తున్నాను. నలభైమంది పాఠం మానేసి పైకి చూస్తూ కూర్చున్నారు. ఒక్కసారి నొక్కితే చాలండీ, కనిపిస్తుంది."

అతను గబుక్కున వేలు తీశాడు. అప్పుడు గాని పక్కనున్న బోర్డు కంటపడలేదు. లారీలో ఉన్నవి పాటల పెట్టెలు. మనిషంత ఎత్తు స్పీకర్లు, ఎనిమిది.

టీచరమ్మ ఒక పెట్టె మీది బొమ్మ చూసింది. అతన్ని చూసింది. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది ఆమెకు.

"మేం అడిగింది చెవి మిషన్లకు బ్యాటరీలు. లెటర్ చదివారా?"

"చదివానండీ."

"చివరిదాకా?"

"... మొదటి లైను. సాయం కోరుతున్న బడి అని ఉంది. బళ్ళకన్నిటికీ మ్యూజిక్ రూమ్ ప్యాకేజీ పంపుతున్నాం కదా అని టిక్ పెట్టేశాను."

ఆమె కొంగు ముడిలోంచి ఒక బ్యాటరీ బిళ్ళ తీసి అతని అరచేతిలో పెట్టింది. కందిబద్దంత ఉంది. "దీనిమీద ఒక పిల్ల వారం రోజులు వింటుంది. మా దగ్గరున్నవి ఇంకో పన్నెండు రోజులకే వస్తాయి. ఆ తర్వాత నలభై మిషన్లూ మూగబోతాయి."

ఎనిమిది పెట్టెలు మోసిన లారీ ఒకవైపు, కందిబద్ద ఒకవైపు. ఏది బరువో అతనికి అప్పుడే తెలిసింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు.

"రోజూ ఎందుకొస్తున్నారు?" అంది టీచరమ్మ.

"పెట్టెలు చూసుకోవాలి కదండీ."

"వాటికేమన్నా కాళ్ళొచ్చాయా పారిపోవడానికి?"

"వాటికి కాదులెండి," అన్నాడు అతను తల గోక్కుంటూ.

పిల్లలు అతనికి పేరు పెట్టారు. బొటనవేలు గాల్లో గట్టిగా నొక్కి చూపిస్తే అతనే: బెల్లుబాబు. రోజుకు నాలుగు సైగలు నేర్పేవాళ్ళు. అన్నం, నీళ్ళు, అక్క, వాన. తప్పు చేస్తే నెత్తిన మొట్టేవాళ్ళు. గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు నలుగురు ఒకేసారి కబుర్లాడుకోవడం, ఒక్కరి మాటా ఇంకొకరికి అడ్డు రాకపోవడం చూసి అతను నోరు తెరిచేవాడు. ఇన్ని మాటలు తిరిగే గదిలో గడియారం టిక్కు టిక్కు వినిపించేది.

పెట్టెలు తిప్పి పంపేద్దామని ఆఫీసులో అడిగాడు. కంపెనీ పెద్ద మేడం గారు వచ్చి రిబ్బన్ కట్ చేయబోతోంది, పేపర్లో ఫోటోలు వేయబోతున్నాం, నోరు మూసుకో అన్నారు. రిబ్బన్ తెగితే ఇక అంతే. ఇచ్చింది ఇచ్చినట్టే, ఏడాదిదాకా ఆ బడికి మరో సాయం లేదు. అది కంపెనీ రూలు.

పదకొండో రోజున మేడం గారు వచ్చింది. జుట్టు నెరిసిన మనిషి, మాట కరుకు. కత్తెర చేతిలోకి తీసుకుంది. టీచరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ముందు వరస పిల్లల్లో అప్పటికే ముగ్గురి మిషన్లు ఆగిపోయాయి.

బెల్లుబాబు రిబ్బన్‌కు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. నోటితో ఆమెకు, చేతులతో పిల్లలకు, ఒకేసారి చెప్పాడు.

"మేడం, తప్పు నాది. వీళ్ళు బ్యాటరీలు అడిగారు. నేను లెటర్ చదవలేదు. వినపడని పిల్లలకు పాటల పెట్టెలు తెచ్చాను. మీరు కత్తిరించకండి. నా ఉద్యోగం పోతే పోనీండి."

అతని సైగల్లో సగం వంకరే. అయినా అందరికీ అర్థమైంది.

హాల్లో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. మేడం గారు చుట్టూ చూసింది. "ఇంత మాటన్నాడు. ఒక్కరైనా చప్పట్లు కొట్టరేం?"

"కొడుతున్నారు మేడం," అంది టీచరమ్మ. "ఇటు తిరిగి చూడండి."

నలభైమంది, ఎనభై చేతులు. తలల మీదికి లేచి, వేళ్ళు విప్పి, గాలిలో ఆకుల్లా అల్లల్లాడుతున్నాయి. చిన్న చప్పుడు లేదు. చెరువు మీదినుంచి కొంగల గుంపు ఒక్కసారి లేచినట్టుంది. నా జన్మలో అంత పెద్ద చప్పట్లు నేను ఎరగను. వంటగది గుమ్మంలో నిలబడ్డ నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

మేడం గారు కత్తెర కింద పెట్టింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత మెల్లగా, నేర్చుకుంటున్నట్టు, తన రెండు చేతులూ పైకెత్తి ఆడించింది.

"పెట్టెలు లారీ ఎక్కించండి. రేపటికల్లా బ్యాటరీలు రావాలి, రెండేళ్ళకు సరిపడా. ఇదిగో అబ్బాయ్, నీ ఉద్యోగం పోలేదు. ఇకనుంచి ఆఫీసుకొచ్చే ప్రతి లెటరూ చివరి అక్షరందాకా నువ్వే చదవాలి. అదే నీకు శిక్ష."

మర్నాడు బ్యాటరీలూ వానా కలిసే వచ్చాయి. అందరికంటే చిన్నపిల్లకు టీచరమ్మ కొత్త బిళ్ళ వేసి మిషను చెవికి పెట్టింది. పైన రేకుల మీద వాన. మిషను పెట్టుకున్నాక దానికి ఇదే మొదటి వాన. పిల్ల ఉలిక్కిపడి కప్పుకేసి వేలు చూపించి, 'ఎవరు?' అని సైగ చేసింది. ఎవరని చెప్తాం? టీచరమ్మ, 'వాన' అంది చేతులతో. పిల్ల నమ్మలేదు. వాన తడుపుతుందని తెలుసు గానీ, మాట్లాడుతుందని తెలీదు దానికి.

అప్పుడే బల్బులు వెలిగాయి. గేటు దగ్గర గొడుగు లేకుండా బెల్లుబాబు. టీచరమ్మ వరండాలోకి వచ్చింది. ఇద్దరి మధ్యా వాన. అరిస్తే అందరికీ వినపడుతుందని సిగ్గుపడి, అతను చేతులతో అడిగాడు. రహస్యంగా అడిగాననుకున్నాడు పాపం.

'నన్ను పెళ్ళి చేసుకుంటారా?'

ఆమె కదల్లేదు. మళ్ళీ అడిగాడు. ఇంకా పెద్దగా, చేతులు బార్లా చాచి మూడోసారి అడిగాడు.

ఆమె నవ్వాపుకుంటూ, వెనక్కి చూడమన్నట్టు వేలు చూపించింది. వెనక అంటే తన వెనక. ఏడు కిటికీలు, కిటికీకి ఐదారు మొహాలు. ఆ బళ్ళో చేతులతో చెప్పే రహస్యం దండోరా వేసినట్టేనని అతనికి అప్పుడు తట్టింది. పరువు వానలో కొట్టుకుపోయింది.

కిటికీల్లో ఎనభై చేతులు లేచాయి.

టీచరమ్మ వానలోకి దిగింది. గేటు తీసి, నోటితోనే చెప్పింది.

"ఒక్కసారి అడిగితే చాలండీ. కనిపించింది."

ఇట్లు,
పిల్లలు గరిటెమ్మ అని పిలిచే వంటమనిషి. వయసు డెబ్బై ఒకటి. ఈ అక్షరాలు నేర్పింది ఆ టీచరమ్మే, చివరి బెంచీలో కూర్చోబెట్టి. ఉండేది ఆ బడి వంటగది వెనక గదిలో. నా మంచం పైనా ఒక బల్బు ఉంది. వస్తే బెల్లు నొక్కండి, ఒక్కసారే.